బస్సు పడనివాళ్ల గది

గుంటూరు ఆసుపత్రిలోకి సెలూన్ కుర్చీ ఒకటి రిక్షా ఎక్కి వచ్చిన రోజున, మందుల కిటికీ ముందు నిలబడినవాళ్లంతా వరస మరిచిపోయి చూశారు. రెక్సిను చిరిగిన పాత కుర్చీ. కింద ఇనుప పీట. చేత్తో నెడితే గుండ్రంగా తిరుగుతుంది. వార్డు బాయ్ ఆదెయ్య దాన్ని దించి భుజం రుద్దుకుంటూ, "ఇహ గడ్డాలు కూడా మనమే గీస్తామాండీ?" అని అడిగాడు.

"ముందు మనుషుల్ని తిప్పుదాం. గడ్డాల సంగతి తరవాత," అంది ఖుర్షిదా.

అది 1964 చలికాలం. ఖుర్షిదాకి ముప్ఫై నిండలేదు. ప్రత్తిపాడులో పుట్టి, వాల్తేరులో చదివి, బెంగుళూరులో శిక్షణ పొంది వచ్చిన క్లినికల్ సైకాలజిస్టు. ఆ మాటకి ఆసుపత్రిలో చాలామందికి నోరు తిరిగేది కాదు. కొందరు పిచ్చి డాక్టరమ్మ అన్నారు. కొందరు చెయ్యి చాపి జాతకం చెప్పమన్నారు. తను డాక్టర్ని కానని మొదట్లో అందరికీ చెప్పి చూసింది. తరవాత ఎవరెలా పిలిచినా పలికేది.

ఆమె తండ్రి లాల్ అహ్మద్ గుంటూరు నుంచి చీరాల వెళ్లే ప్రైవేటు బస్సు నడిపేవాడు. చిన్నతనంలో ఆ బస్సులో ఆమె చూసినన్ని వాంతులు ఏ డాక్టరూ చూసి ఉండడు. అదే బస్సు, అవే గోతులు. వెనక సీటులో మనిషి తల కిటికీలోంచి వేలాడేసి కళ్లు తేలేస్తుంటే, ముందు తండ్రి బీడీ కాల్చుకుంటూ దర్జాగా కూర్చునేవాడు. నీకెందుకు రాదని కూతురు అడిగితే, "నేను వాంతి చేసుకుంటూ కూచుంటే స్టీరింగు ఎవడు పడతాడే?" అనేవాడు. నవ్వి ఊరుకునే మాట. ఆమె ఊరుకోలేదు. స్టీరింగు పట్టినవాడికి రానిది పక్కవాడికి ఎందుకొస్తుందన్న ప్రశ్నని ఎమ్మే దాకా మోసుకెళ్లింది. పుస్తకాల్లో ఓడల గురించి ఉంది, విమానాల గురించి ఉంది. బస్సు గురించి లేదు.

ఈ ప్రాంతంలో దానికి జబ్బు పేరు కూడా లేదు. "బస్సు పడదు" అంటారు, అంతే. వంకాయ పడదు, చన్నీళ్లు పడవు, బస్సు పడదు. ఆ మాట ఒకసారి అన్న మనిషి ఇక జన్మలో బస్సు మెట్టు తొక్కడు. పెళ్లికి పిలిచినా, కాన్పు కష్టమైందని ఆసుపత్రికి రమ్మన్నా అదే జవాబు. అలాంటివాళ్లని బాగుచెయ్యాలని ఖుర్షిదా తెరిచిన గదికి అలా ఆ పేరు వచ్చింది: బస్సు పడనివాళ్ల గది. ఆ గదిలో తరవాత పట్టుబడిన, మనిషి తన ఒంటి సంగతి తనే కళ్లారా చూసి దిద్దుకునే పద్ధతికి, అరవైల చివర విదేశీ పత్రికల్లో ఓ కొత్త పేరు కనబడింది. ఆమె దాన్ని ఆదెయ్యకి చదివి వినిపించింది. ఆ పేరు బోర్డు మీద రాస్తే ఒక్కరు కూడా గుమ్మం ఎక్కరని ఆదెయ్య తేల్చేశాడు.

కానీ ఆ మొదటి ఏడు, గది ఉంటుందో ఊడుతుందో తెలియదు. పోస్టు తాత్కాలికం. సూపరింటెండెంటు గారు చెడ్డవాడు కాడు. ఎక్స్‌రే ఫిల్ములు పెట్టుకోవడానికి చోటు లేక సతమతమవుతున్న మనిషి. ఆయన పిలిచి సూటిగా చెప్పాడు: బస్సు పడని మనిషిని ఒకరిని గుంటూరు నుంచి చీరాల దాకా వాంతి లేకుండా బస్సులో తీసుకెళ్లి చూపించాలి. చూపిస్తే పోస్టు పర్మనెంటు చెయ్యమని పైకి రాస్తాడు. లేకపోతే వేసవి దాటాక గది ఎక్స్‌రేవాళ్లకి.

"చూపిస్తానండి," అంది ఖుర్షిదా. ఎవరిని చూపించాలో ఆమెకి అప్పటికి తెలియదు.

సంక్రాంతి వెళ్లాక పేరమ్మ రైలెక్కి వచ్చింది. చీరాల పక్కన పేరాలలో నేతవాళ్ల ఇంటి మనిషి. యాభైకి దగ్గరపడ్డ వయసు, బజారంత గొంతు. చీరల మూట చంకన పెట్టుకుని ఊళ్లమ్మట తిరిగి అమ్ముతుంది. కళ్లాల్లో మిరపకాయ ఎండే రోజులే ఆమెకి బేరాల రోజులు. రైలు అందే ఊళ్లన్నీ ఇతరులు పట్టేశారు. పర్చూరు వైపు లోపలి ఊళ్లకి బస్సే గతి. కిందటేడు బస్సులో ఒళ్లో ఉన్న మూట మీదే వాంతి చేసుకుంది. చీరలు ఉతికించింది గాని పేరు ఉతికించలేకపోయింది. ఏ వీధికి వెళ్లినా "వాంతి చీరలొచ్చాయే" అంటున్నారు.

"నవ్వితే నవ్వారు, కొనటం మానేశారమ్మా," అంది పేరమ్మ. "నాకు బస్సు పడేట్టు చెయ్యి. లేకపోతే మళ్లా పోయి మగ్గం గుంటలో కూచోవాలి. నాకు గుంట కూడా పడదు."

ఖుర్షిదా పద్ధతి అప్పట్లో ఇది. బస్సు తిప్పుడు గదిలోనే అలవాటు చెయ్యాలని, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి కళ్లకి గుడ్డ కడుతుంది. ఆదెయ్య నెమ్మదిగా తిప్పుతాడు. తను మణికట్టు పట్టుకుని పక్కనే నడుస్తూ, ఉండి ఉండి "తిప్పుతోందా?" అని అడుగుతుంది. కడుపులో తిప్పుతోందా అని ఆమె ఉద్దేశం. వచ్చిన జవాబులకి తలా తోకా ఉండేది కాదు. నిక్షేపంలా కూర్చున్న మనిషి తిప్పుతోందనేవాడు. మొహం పాలిపోయిన మనిషి లేదనేవాడు.

పేరమ్మని కూడా అలాగే అడిగింది.

"తిప్పక ఏం చేస్తాడమ్మా, జీతం ఇస్తన్నారుగా," అంది పేరమ్మ కళ్లగంతలతోనే.

ఆదెయ్య కుర్చీ వదిలేసి గోడకానుకుని నవ్వాడు. ఖుర్షిదా నవ్వలేదు. పేరమ్మ చెయ్యి ఆమె చేతిలో ఉంది. ప్రశ్నకి ముందు వెచ్చగా ఉన్న ఆ చెయ్యి ఇప్పుడు చల్లబడుతోంది. పేరమ్మ నోరు హాస్యమాడుతోంది, అరచేతికి చెమట పడుతోంది.

నెలల తరబడి తను అడిగిన ప్రశ్నే తప్పని ఆమెకి అప్పుడు తట్టింది. తిరిగే కుర్చీలో ఉన్న మనిషిని తిప్పుతోందా అంటే, కడుపా కుర్చీయా, అతను దేనికి జవాబు చెప్పాలి? అంతకన్నా పెద్ద అనుమానం ఇంకొకటి కలిగింది. అది తేల్చుకోవడానికి ఆదివారంనాడు తాడేపల్లి బస్సెక్కి వెనక కూర్చుంది. ముందు సీటులో ఒక తల్లి పక్కనున్న కూతుర్ని మలుపు మలుపుకీ "తిప్పుతోందామ్మా?" అని ముద్దుగా అడుగుతోంది. పిల్ల కిటికీలోంచి మేకల్ని చూస్తూ లేదంది. మళ్లీ అడిగితే మళ్లీ లేదంది. ఆపైన మేకల్ని చూడటం మానేసి తన కడుపు సంగతి చూసుకోవడం మొదలుపెట్టింది. ఇంకోసారి అడిగేసరికి తల్లి ఒళ్లో వాంతి చేసుకుంది.

సోమవారం ఖుర్షిదా గదిలో కొత్త నియమం పెట్టింది. తిప్పుతోందా అని ఇక్కడ ఎవరూ ఎవర్నీ అడగకూడదు.

"అడక్కపోతే తెలిసేదెట్టాగండీ?" అన్నాడు ఆదెయ్య.

"చేతులు చెప్తాయి."

వికారం పైకి రాకముందే వేళ్లలో రక్తం తగ్గి చల్లబడతాయన్న సంగతి ఆమె చదువుకున్నదే. కాలేజీ లాబొరేటరీ నుంచి పొడుగాటి థర్మామీటరు అడిగి తెచ్చింది. జ్వరం చూసేది పనికిరాదు. అది ఎక్కడమే గాని దానంతట అది దిగదు. దీని గాజుబుడ్డిని పేరమ్మ వేళ్ల మధ్య పెట్టి దారంతో కట్టింది. కళ్లగంతలు తీసేసింది. పాదరసం దిగుతోందంటే చేతులు చల్లబడుతున్నట్టు. పేరమ్మ దాన్నే చూస్తుండాలి. దిగినప్పుడు తనే మళ్లీ ఎక్కించుకోవాలి.

"ఎట్టా ఎక్కియ్యమంటావు? ఊదనా?"

"ఊదొద్దు. మీ చేతులు హాయిగా, వెచ్చగా ఉన్న సందర్భం ఏదైనా తలుచుకోండి."

పేరమ్మ పొయ్యిని తలుచుకుంది. ఎండని తలుచుకుంది. మనవణ్ణి ఎత్తుకోవడం తలుచుకుంది. పాదరసం కదల్లేదు. ఇదంతా దండగమారి పనని రెండు వారాలు సణిగింది. ఒకరోజు పడుగుకి గంజి పెట్టడం గుర్తొచ్చింది. చలికాలం పొద్దున్నే వీధిలో పడుగు సాగదీసి, గోరువెచ్చని గంజిలో చేతులు ముంచి దారాలకి పట్టించడం. పాదరసం వెంట్రుకవాసి పైకి జరిగింది. పేరమ్మ నోరు మూసుకుని చూసింది. ఆ గదిలో ఆమె నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

మార్చి ఆఖరికి ఆదెయ్య ఎంత జోరుగా తిప్పినా పాదరసం దిగి, ఆగి, తిరిగి ఎక్కేది. ఈలోగా సూపరింటెండెంటు గారు కూతురి పెళ్లికి సెలవు పెట్టాడు. బస్సు ప్రయాణం మే నెలలో పడింది. సాక్షిగా యేసుపాదం అనే హౌస్ సర్జన్ని పంపించారు.

బస్సు టాపు నిండా మిరపకాయ బస్తాలు. లోపల అందరూ తుమ్ముతున్నారు. పేరమ్మ మూట ఒళ్లో పెట్టుకుని, వేళ్ల మధ్య థర్మామీటరుతో కిటికీ దగ్గర కూర్చుంది. పక్కన ఖుర్షిదా, వెనక యేసుపాదం. ప్రత్తిపాడు దాటాక పత్తి తీసేసిన నల్లరేగడి చేలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వడగాలి కిటికీల్లోంచి మొహాన కొడుతోంది. పర్చూరు దగ్గరికొచ్చేసరికి ముందు సీటులో ఒకాయన వాంతి చేసుకున్నాడు. పేరమ్మని ఎరిగినావిడ ఒకతె వెనక్కి తిరిగి, "ఏం పేరమ్మొదినా, నీకింకా కాలా?" అంది.

"ఇది చూడు, ఎక్కే ఉంది," అని పేరమ్మ థర్మామీటరు చూపించింది.

ఖుర్షిదా కూడా చూసింది. పాదరసం నిజంగానే ఎక్కి ఉంది. జ్వరంతో కాలిపోయే మనిషి చెయ్యి కూడా అంత ఎత్తు చూపించదు. అది చూపిస్తున్నది పేరమ్మ చేతిని కాదు, కిటికీలోంచి వచ్చే గాలిని. చలికాలం అంతా చల్లటి గదిలో చేసిన పని; మే నెల సంగతి ఆమెకి తట్టనే లేదు.

ఆమె చూపు తిప్పుకుంది. ఏమన్నా పేరమ్మ బెదిరిపోతుంది. చీరాలలో పేరమ్మ నవ్వుతూ దిగింది. యేసుపాదం కాగితం తీసి, వాంతి కాలేదని రాసి, ఖుర్షిదాని అభినందించాడు.

"ఈ ప్రయాణం లెక్కలోకి రాదండి," అంది ఖుర్షిదా. థర్మామీటరు సంగతి దాచకుండా చెప్పింది. పేరమ్మ తన చేతుల్ని వెచ్చబెట్టుకుందో, వేడిగాలి చూసి ధైర్యంగా కూర్చుందో ఎవరికీ తెలియదంది.

"వాంతి కాలేదు కదండీ. ఆయన అడిగింది అంతే."

"ఆయన అడిగింది అంతేనండి. నాకు తెలియాల్సింది అది కాదు. ఈ థర్మామీటరు లేకుండా తిరుగు బస్సెక్కాలి."

"దార్లో ఆవిడకి వాంతైతే అదీ రాయాల్సొస్తుంది. మీ గది పోతుంది."

"రాయండి."

పేరమ్మ అంతా విని మండిపడింది. గెలిచిన పందెం మళ్లా కాసేవాళ్లని ఎక్కడా చూడలేదంది. ఇల్లు కూతవేటు దూరంలో పెట్టుకుని, మళ్లీ ఆ కొలిమిలోకి ఎందుకెక్కాలంది.

"పందెం కాదు పేరమ్మగారూ," అంది ఖుర్షిదా. "ఎల్లుండి మీరు మూటతో పర్చూరు వెళ్తారు. మీ పక్కన నేనుండను. ఈ గాజుపుల్లా ఉండదు. అప్పుడు మీకు ఏది దిక్కు?"

పేరమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "నీతో పెద్ద చిక్కే తల్లీ," అని మూట తీసుకుని బస్సు వైపు నడిచింది.

తిరుగు బస్సులో వెనక చక్రం మీది సీటు దొరికింది. బస్సులో అంతకంటే కుదిపే సీటు ఉండదు. పేరమ్మ రెండు చేతులూ మూట మీద పెట్టి ఎదురుగా చూస్తూ కూర్చుంది. పర్చూరు దాటిన కాసేపటికి ఆమె మాట ఆగిపోయింది. పెదవుల్లో రంగు తగ్గింది. పైపెదవి మీద చెమట చుక్కలు పుట్టాయి. వెనకనుంచి యేసుపాదం ముందుకి వంగి ఏదో అడగబోతే ఖుర్షిదా చెయ్యెత్తి ఆపింది. తను కూడా అడగలేదు. ఆ చెయ్యి పట్టుకుని చూడాలని ప్రాణం లాగింది, పట్టుకోలేదు. మూట మీద పేరమ్మ వేళ్లు మెల్లగా కదలడం కనిపించింది. ఒత్తి, వదిలి, ముందుకి జరిపి, మళ్లీ ఒత్తి. కనబడని దారాలకి కనబడని గంజి పట్టిస్తున్నాయి.

ఒక గోతిలో బస్సు అంతెత్తున ఎగిరిపడింది. పేరమ్మ కళ్లు కూడా మూయలేదు.

ప్రత్తిపాడు చెరుకురసం బండి కనిపించాక ఆమె నోరు విప్పింది. "పర్చూరు అవతల చల్లబడ్డాయి. మంచులాగా అయినయ్. మళ్లా తెచ్చుకున్నా."

"ఎలా తెలిసింది?" అన్నాడు యేసుపాదం.

"నా చేతులు నాకు తెలవవా నాయనా?" అంది పేరమ్మ. మూడు నెలల కిందట ఆమెకి అవి తెలియవు.

మర్నాడు సూపరింటెండెంటు గారు కాగితం రెండుసార్లు చదివాడు. మొదటి ప్రయాణాన్ని ఎందుకు కొట్టేశారని అడిగాడు. ఆమె చెప్పింది. ఇది మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదన్నాడాయన. తెలిసేది కాదని ఆమె ఒప్పుకుంది.

"తిరుగు బస్సులో ఆవిడ వాంతి చేసుకుని ఉంటే?"

"గది మీకిచ్చేసి, తప్పెక్కడుందో మా ఇంటి వసారాలో కూర్చుని వెతుక్కునేదాన్నండి."

ఆయన పోస్టు గురించి పైకి రాశాడు. ఫిల్ములకి వరండాలో బీరువా వేయించాడు.

ఆ వారంలోనే ఖుర్షిదా పనివేళలు మార్చేసింది. వేసవిలో గాలి మనిషి చేతికన్నా చల్లగా ఉండేది తెల్లవారుజామునే. కాబట్టి ఎండాకాలమంతా గది ఆ వేళకే తెరవాలంది. ఎన్నాళ్లు పాదరసం చూసుకున్నా, చివరి ప్రయాణం మాత్రం ఒట్టి చేతులతో చేసి రావాలని ప్రతి రోగికీ మొదటి రోజే చెప్పేది. ఆదెయ్య పొద్దున్నే లేవాల్సొచ్చిందని గొణుక్కుంటూనే తాళం తీసేసరికి, మెట్ల మీద అప్పటికే నలుగురైదుగురు కూర్చుని ఉండేవారు. బస్సు పడదు కనక, చీకట్లోనే బయలుదేరి నడిచి వచ్చినవాళ్లు.