తప్పంతా నీళ్ళదే

జగిత్యాలలో భూమయ్య సార్ కెమిస్ట్రీ చెప్పే కాలేజీలో ఏ తప్పు జరిగినా దోషి ఒక్కటే: నీళ్ళు. ఫ్లాస్కు పగిలినా, పిల్లలు పరీక్ష తప్పినా, బస్సు రాకపోయినా సార్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి తీర్పు చెప్పేస్తారు. "నీళ్ళ తప్పు."

అటెండర్ బుచ్చన్న ఒకసారి ట్రేనిండా గాజు గ్లాసులు నేలపాలు చేశాడు. ప్రిన్సిపాల్ ఊగిపోతూ వచ్చి, "ఏందయ్యా గిది?" అని కేకేశారు. సార్ అడ్డం వెళ్ళి, "కడిగిన నీళ్ళ తప్పు సార్. మస్తు జారుడుగున్నయ్" అన్నారు. సిరిసిల్లలో బామ్మర్ది అద్దిన చీరలకు మచ్చలు పడితే అదే మాట. అదైనా కాస్త నమ్మొచ్చు. ధర్మపురి పెళ్ళిలో సాంబారు ఉప్పు కషాయమైతే వంటాయన తరఫున కూడా అదే వాదన! "గోదావరి నీళ్ళల్ల ఉప్పెక్కడిది సార్?" అని పెళ్ళికొడుకు మేనమామ నిలదీస్తే, "గదే పరిశోధన చెయ్యాలె" అంటూ ఆ సాంబారే ఇంకో గరిటె పోయించుకున్నారట మహానుభావుడు.

ఈ ముచ్చట్లకు అందరికంటే ఎక్కువ నవ్వేది కహకషాన్. కోరుట్ల నుంచి రోజూ బస్సులో వచ్చే ఎమ్మెస్సీ అమ్మాయి. ప్రాజెక్టు పరీక్ష రోజు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. పరిశోధనలో చేరాలని ఆమె కోరిక. "ఇయ్యాల ఇది పోతే చదువు బంద్. అన్న దుకాణంల కూసుంట" అని అమ్మ సకీనాబీకి తేల్చిచెప్పి మరీ వచ్చింది.

ఆమె చేసింది చిన్న జెల్లు బిళ్ళ. అలాంటి బిళ్ళ చల్లటి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, నీళ్ళు గోరువెచ్చనైతే తాగిందంతా వదిలేసి ముడుచుకుంటుంది. తయారుచేసేటప్పుడు కాస్త ఆమ్లం కలిపితే ఇంకా బాగా ఉబ్బుతుంది, ముడుచుకోవడానికి ఇంకాస్త వేడి అడుగుతుంది. ఎంత ఆమ్లానికి ఎంత వేడో చూపించడమే ఆమె ప్రాజెక్టు.

పరీక్షకు బయటినుంచి వచ్చిన పద్మ మేడం మహా గట్టి మనిషి. బిళ్ళ వేసిన నీళ్ళు వెచ్చబడ్డాయి. వేడెక్కాయి. పొగలు కక్కాయి. బిళ్ళ మాత్రం అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా ఉబ్బి కూర్చుంది.

"ఏమ్మా, ముడుచుకోదా ఇది?" అన్నారు మేడం.

దుకాణం, గల్లాపెట్టె, ఈగలు, అన్నీ కహకషాన్ కళ్ళముందు కదిలాయి.

"నీళ్ళ తప్పు మేడం" అన్నారు భూమయ్య సార్. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"నీళ్ళేం పాపం చేసినయండీ?"

"గీ నీళ్ళల్ల బిళ్ళలోపలి ఆమ్లం మేల్కొని ఉన్నది, ముడుచుకోనిస్తలేదు. పుల్లటి నీళ్ళల్లయితే పడుకుంటది, జర నిద్రపుచ్చుదాం. బుచ్చన్నా, నీ టిఫిన్‌ల నిమ్మకాయ ఇటు తే!"

బుచ్చన్న అయిష్టంగానే ఇచ్చాడు. కహకషాన్ ఆ వేడి నీళ్ళలోనే నిమ్మరసం పిండింది. కాసేపటికి బిళ్ళ అంచులు తెల్లబడ్డాయి. తర్వాత మెల్లగా, బుద్ధిగా ముడుచుకోసాగింది. హమ్మయ్య!

మేడం కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అంటే బిళ్ళల ఆమ్లం బాగానే ఎక్కువైంది. ఎంత పోసినవ్?"

ఇక దాచి లాభం లేదు. "బిళ్ళ చేస్తుంటే కరెంటు పోయి అచ్చింది మేడం. పోసిన్నో లేదో యాదికి రాక మళ్ళ పోసిన. తప్పు నాదే."

మేడం మొదటిసారి నవ్వారు. "ఆమ్లం ఎక్కువైతే వేడికి కూడా ముడుచుకోదు, నీళ్ళు పుల్లగైతే మళ్ళ ముడుచుకుంటది. నువ్వనుకున్నదానికంటే మంచి సంగతే దొరికింది గదా! పాసు. పరిశోధనకు అప్లై చెయ్, నేను సిఫారసు చేస్త."

వరండాలో ఆమె సార్‌ను పట్టుకుంది. "సార్, నేను రెండుసార్లు పోసిన్నని మీకెప్పుడు తెల్సింది?"

"పొద్దుగాలనే. గంతలావు ఉబ్బితే తెల్వదా?"

"మరి నన్ను ఒక్కమాట అనకపోతిరి?"

"నిన్నంటే నువ్వు ముడుచుకుంటవ్ బిడ్డా. చేసిన తప్పు నీ నోటికి రానే రాదు. నీళ్ళకేమైతది? ఎన్నన్నా పడతయ్."

కహకషాన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వే గెలిచింది. ఫోను తీసి ఇంటికి కలిపింది.

"అమ్మీ, నౌషాద్ అన్నకు చెప్పు. దుకాణంల కూసునుటానికి ఇంకెవలనన్న సూసుకొమ్మను."