కునుకు తీసి చూసిన మంచాలు

మా పక్కింటి అత్తయ్యగారు ఇక లేరని మొన్న తెనాలి నుంచి ఫోను వచ్చింది. విన్న దగ్గర్నుంచి ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు.

ఇంటి ముందు రేకుల షెడ్డులో ఆవిడకి పాత మంచాలు, కుర్చీలు అమ్మే కొట్టు ఉండేది. అమృతలూరు, రేపల్లె వైపు ఇళ్ళల్లో మూలపడ్డ టేకు సామాను కొని, బాగుచేయించి, కొత్త ఫ్లాట్లవాళ్ళకి అమ్మేవారు. మీరు నమ్మరు గానీ, మధ్యాహ్నం అన్నం తిని, కొట్లోకి కొత్తగా వచ్చిన మంచం మీద ఒక కునుకు తీసేవారు. "నాకు నిద్రపట్టని మంచం ఇంకొకళ్ళకెలా అంటగడతానే?" అనేవారు. బేరానికొచ్చినవాళ్ళు గురక విని వెనక్కి వెళ్ళిపోవడం నేను చూశాను.

హాల్లో అందంగా ఉంటుందని కొంటున్నామంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "అందానికైతే ఫొటో తీసి గోడకి తగిలించుకోండి. మంచం ఎందుకండీ?" అనేసేవారు. ఆ కొట్టు అన్నేళ్ళు ఎలా నడిచిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మా నాన్న పోయాక అమ్మ వరండాలోకి రావడం మానేసింది. అక్కడ ఆయన పడక కుర్చీ ఉండేది. "ఎవరికైనా ఇచ్చేయండి వదినగారూ, చూడలేకపోతున్నా" అంటే అత్తయ్యగారు మారుమాట లేకుండా పట్టుకెళ్ళారు. కుర్చీ వెళ్ళిపోయినా అమ్మ గదిలోంచి కదల్లేదు. మాటలూ తగ్గిపోయాయి. నాన్నతోపాటు అమ్మ కూడా మాకు లేకుండా పోతుందేమోనని భయం వేసింది.

కొన్నాళ్ళకి, బాపట్లలో ఫ్లాటు కొనుక్కున్న ఒకమ్మాయి ఆ కుర్చీ అడిగింది. అత్తయ్యగారు బేరం ఆపి, అమ్మని చెయ్యి పట్టుకుని కొట్లోకి తీసుకొచ్చారు. "ఇవ్వాలో వద్దో మీరే చెప్పండి వదినగారూ" అన్నారు.

అమ్మ ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ఎవరు కూర్చుంటారమ్మా?"

"మా నాన్నండి. సోఫాలో కూరుకుపోయి లేవలేకపోతున్నారు."

"అయితే గుడ్డ బిగుతుగా వేయించు. మా ఆయన వదులుగా వేయించుకుని, లేవలేక నన్ను కేకలేసేవారు."

అంతే, ఇక ఆగలేదు. నాన్న పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోవడం, తన కళ్ళజోడు మీద తనే కూర్చుని మమ్మల్ని తిట్టడం, అన్నీ చెప్పింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆ అమ్మాయి బాపట్ల బస్సు సంగతి మర్చిపోయి వింది. అత్తయ్యగారు కాఫీ కలిపి అందరికీ ఇచ్చారు. మా అమ్మని ఆవిడ ఆరోజు మాకు తిరిగి ఇచ్చారు.

మర్నాడు పొద్దున అమ్మ వరండా కడిగి, చాప వేసుకుని, చిక్కుడుకాయలు ముందేసుకుంది. అది చూసి అత్తయ్యగారు తన కూరగాయల గిన్నె కూడా పట్టుకుని వచ్చేశారు. "కాస్త జరగండి వదినగారూ" అంటూ పక్కనే కూర్చున్నారు. ఎండ కాళ్ళ మీదికి వచ్చినా ఇద్దరూ లేవలేదు.