పిన్నీసు గీతల ఉంగరం: ఆదిలాబాద్‌లో చిన్న నీలం కొన్న రోజు

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలంటే ముందు ఒక దొంగతనం ఒప్పుకోవాలి. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా బాపు ఉంగరంలోని నీలాన్ని పిన్నీసుతో పెకిలించి తీశాను. బాపు అప్పటికి ఐదేళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చాడు. ఆ ఐదేళ్లూ నాకు నాన్న అంటే ఫోన్‌లో ఒక గొంతు, ఊరివాళ్లతో పంపే అట్టపెట్టెలోంచి వచ్చే సబ్బు వాసన. ఇల్లు చేరిన మూడు నెలలకే మళ్లీ వీసా వచ్చింది. శని బాగా లేదు, నీలం పెట్టుకుని పొమ్మని ఎవరో చెబితే, నన్ను వెంటబెట్టుకుని ఆదిలాబాద్‌లోని రాళ్ల దుకాణానికి వెళ్లాడు. మా అమ్మమ్మ ఊరు ఆ పక్కనే. దుకాణం చాచా చిన్న రాయిని గుడ్డముక్కలో కట్టి ఇస్తూ, మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని పడుకో, చెడ్డ కలలు రాకపోతే రాయి నీకు పడ్డట్టే అన్నాడు. "పడకపోతే ఏమైతది?" అని నేను మధ్యలో దూరాను. "నీలం జర పౌరుషం రాయి బిడ్డా. పడకపోతే అదే పోతది. ఇగ గా మనిషి ప్రయాణం పెట్టుకోవద్దు" అన్నాడు చాచా. ఆ ఆఖరి మాట నాకు బాగా పనికొచ్చింది.

మూడు రాత్రులూ బాపు హాయిగా నిద్రపోయాడు. రాయి వెండి ఉంగరంలోకి ఎక్కింది. వారం తర్వాత అమ్మమ్మ ఇంట్లో ఆయన స్నానానికి పోతూ ఉంగరాన్ని గూట్లో పెట్టినప్పుడు, అవ్వ, అంటే మా అమ్మ, చీర కొంగుకు ఉన్న పిన్నీసు తెచ్చి నా పని నేను చేశాను. రాయిని దాచిపెట్టి, బాపు ప్రయాణం ఆగిపోయాక ఎక్కడో దొరికినట్టు తెచ్చి ఇవ్వాలని నా ఆలోచన. కానీ ఆ గదిలో ఏరిన పత్తి కిటికీ దాకా పోసి ఉంది. రాయి వేళ్ల సందులోంచి జారి ఆ కుప్పలో పడింది. మోచేతుల దాకా చేతులు ముంచి వెతికాను. మర్నాడు పొద్దున్నే పత్తి ట్రాలీ ఎక్కి జిన్నింగ్ మిల్లుకు పోయింది. కొన్ని రోజులకు బాపు "రాయి నాకు పడలే" అని ఇంట్లో అందరికీ చెప్పాడు. మస్కట్ పోలేదు. కరీంనగర్‌లో మోటర్ వైండింగ్ దుకాణం పెట్టుకున్నాడు. ఆ ఏళ్లు ఇరుకుగా గడిచాయి. "గా రాయి నిలిస్తే మనం గిట్లుందుమా" అని అవ్వ అన్నప్పుడల్లా నేను నీళ్ల బిందె పట్టుకుని బయటికి పోయేదాన్ని.

ఇప్పుడు వచ్చే వారం నేను పుణెలో ఉద్యోగంలో చేరాలి. పోయేలోపు ఆ ఉంగరంలో మళ్లీ ఒక నీలం కూర్చోవాలి. నిజం చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు, కనీసం ఖాళీ అయినా నింపాలి. ట్యూషన్లు చెప్పి దాచుకున్నవి ఏడు వేలు. ఖాళీ ఉంగరం బాపు దుకాణంలో స్క్రూల డబ్బాలో ఉంటుంది. దాన్ని జేబులో వేసుకుని, పెద్దపల్లిలో దోస్తు ఇంటికి పోతున్నానని చెప్పి, పొద్దున ఐదున్నరకు కరీంనగర్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

ఆదిలాబాద్‌కు నిర్మల్ మీదుగా పోతే తొందరగా చేరతారు. నేను మాత్రం బాపుతో పోయిన దారినే పట్టుకున్నాను. జగిత్యాలలో బస్సు మారి, లక్సెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూర్. ఆధార్ కార్డు ఉంటే ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్, అదొక మిగులు. రాయపట్నం వంతెన దగ్గర గోదావరి మంచులో సగమే కనిపించింది. చిన్నప్పుడు ఇక్కడే బాపు నా అరచేతిలో రూపాయి బిళ్ల పెట్టి, కిటికీలోంచి నదిలోకి విసరమన్నాడు. నేను విసరలేదు, దిగాక చాక్లెట్ కొనుక్కున్నాను. ఆలోచిస్తే నా చేతివాటం అప్పటికే మొదలైనట్టుంది. జన్నారం దాటాక టేకు చెట్ల మధ్య గంట ప్రయాణం. దుమ్ము పట్టిన పెద్ద ఆకులు, ఎండలోకి వస్తూ పోతూ ఉండే రోడ్డు. ఈ ముక్క కోసమైనా పగటిపూట బస్సు ఎంచుకోండి.

ఉట్నూర్‌కు పది దాటాక చేరాను. ఆదిలాబాద్ బస్సుకు ఇంకా ముప్పావు గంట ఉందంటే, ఎనభై రూపాయలు మాట్లాడుకుని జీపు ఎక్కాను. అది కూడా మనుషులు నిండేదాకా అరగంట కదల్లేదు. కాబట్టి తొందరకు జీపు ఎక్కడం తెలివి అనుకోకండి. డ్రైవరన్న పక్కన సీటిచ్చి ఆరా మొదలుపెట్టాడు.

"ఆదిలాబాద్‌ల ఎవలున్నరక్కా?"

"ఎవరూ లేరన్నా. ఒక రాయి కొననీకి పోతున్న."

"రాయా!" స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "గింత దూరం వచ్చినవా రాయి కోసం? మా చేన్లకు రా, ట్రాక్టర్ నింపి పంపుత. కిరాయి కూడ నేనే ఇస్త."

వెనక సీట్లో ఉన్న పెద్దమ్మ ఊరుకోలేదు. "నీ చేన్ల రాళ్లు తప్ప ఇంకేం పండుతయ్‌రా, గదే చెప్పు పిల్లకు" అంది. జీపంతా నవ్వింది. గుడిహత్నూర్ దాటాక మా ముందు పత్తి బండి ఒకటి దారి ఇవ్వకుండా నడిచింది. తాడు బిగించిన గోనె పట్టాల సందుల్లోంచి పత్తి పోగులు ఎగిరి జీపు అద్దానికి అతుక్కున్నాయి. నేను వాటిని చూస్తూ కూర్చున్నాను. నా రాయి ఏ బేలులో చుట్టుకుని ఏ ఊరు చేరిందో.

పన్నెండున్నరకు ఆదిలాబాద్‌లో దిగి, పాత బజారుకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి వెళ్లాను. దుకాణం షట్టరు సగం దించి ఉంది, నమాజుకూ భోజనానికీ పోయిన చాచా రెండింటికి వస్తాడన్నారు. ఎదురుగా అటుకుల పోహా బండి. "బైస్ బాయి, గరమ్ గరమ్ ఉన్నది" అని మరాఠీ కలిపి కూర్చోమంటూ బండి ఆమె స్టూలు జరిపింది. ముప్పై రూపాయల పోహా మీద శనగల పులుసు పోసి, పచ్చి ఉల్లిపాయ చల్లి ఇచ్చింది. ఈ ఊళ్లో పొద్దున తినే ఈ పోహా మధ్యాహ్నం దొరకడం అదృష్టమే, చాలా బండ్లు పదకొండుకే ఖాళీ అవుతాయట.

రెండింటికి చాచా వచ్చాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. నేనెవరో చెప్పలేదు. ఏడు వేల లోపు చిన్న నీలం కావాలన్నాను. తెల్ల కాగితం పరిచి, ముదురు నీలంగా మెరిసిపోయే రాయి ఒకటి పెట్టాడు. "రెండువేలియ్యి బేటా. ఎట్ల మెరుస్తుందో చూడు!" డిగ్రీలో నేను చదివింది భూగర్భశాస్త్రం. వెంట తెచ్చుకున్న చిన్న భూతద్దంతో గుమ్మం దగ్గర ఎండలో చూస్తే లోపల గుండ్రటి గాలి బుడగలు.

"చాచా, ఇది గాజు గదా?"

ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "గాజే. గాజును గాజనెటోల్లకే అసలు డబ్బీ తీస్త. లేకుంటె నా టైం ఖరాబు."

రెండో డబ్బీలో రాళ్లు చూడ్డానికి పేదగా ఉన్నాయి. పలచటి రంగు, కొన్నింటిలో ఒక పక్క నీలం, ఒక పక్క తెలుపు. వాటిలో కందిగింజ కంటే చిన్న రాయి ఒకటి నచ్చింది. భూతద్దంలో చూస్తే లోపల వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు కనిపించాయి, బుడగలు లేవు. సహజమైనదే కానీ రంగు కోసం వేడి చేసిన రాయి అని చాచాయే చెప్పాడు. మనలాంటి బడ్జెట్‌లో దొరికేవి దాదాపు అలాంటివే, అందులో తప్పులేదు. ఎనిమిది వేలన్నాడు. నేను ఆరన్నాను. "ఆరుకు నేను గుడ్డముక్క ఇస్త, రాయి రాదు" అన్నాడు. సరే, ముందు కొలత సరిపోతుందో లేదో చూడమని జేబులోంచి ఉంగరం తీసి ఇచ్చాను.

చాచా కంటికి అద్దం పెట్టుకుని ఉంగరం తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. తర్వాత అద్దం తీసి నన్ను చూశాడు.

"మస్కట్ పోవాల్సినాయన ఉంగరం గదా గిది. పోలే."

నేను భూతద్దాన్ని జేబులో వేసుకున్నాను.

"గాయన పక్కన కూసున్న పిల్లవు నువ్వేనా? రాయి పడకపోతే ఏమైతదని నన్నడిగినవ్?"

తలూపాను.

"గిది పడిపోయిన రాయి కాదు బేటా, తీసిన రాయి. రాయిని పట్టుకునే కొక్కేలు నాలుగుంటే రెండు పైకి లేసినయ్. పక్కన గీతలు జూడు, సన్నగ. పెద్దోల్లయితే చాకు పెడ్తరు. గిది పిన్నీసు." ఉంగరాన్ని కాగితం మీద మెల్లగా పెట్టాడు. "రాయి పోయిన నాలుగు దినాలకే మీ బాపు వచ్చిండు, ఇంకో రాయి పెట్టుమని. గప్పుడే చెప్పిన గాయనకు. భాయ్, రాయి దానంతట అది పోలే, చిన్న చెయ్యి తీసింది అని."

"బాపు ఏమన్నడు చాచా?"

"చాయ్ తెప్పిస్తే ముట్టలే, చల్లారిపోయింది. ఆఖరికి లేసి, రాయి వద్దన్నడు. జర కొక్కేలన్న సాపు చేస్త అన్న. గా గీతలు గట్లనే ఉండనీ చాచా అన్నడు. ఇంట్ల మాత్రం రాయి పడలేదనే చెప్త, పిల్లను ఎవ్వలు ఏమనొద్దు అన్నడు."

బజారులో ఎవరో బండి హారన్ కొడుతూనే ఉన్నారు. పదిహేనేళ్లుగా నేను దాచానని అనుకున్నదాన్ని, ఆయన నాకంటే జాగ్రత్తగా దాచాడు. అవ్వ మాటలన్నీ తన మీదికే తీసుకున్నాడు.

"రాయి పోతే ప్రయాణం వద్దని గా మాట నీకు చెప్పింది నేనే" అన్నాడు చాచా. "చిన్నపిల్ల ముందట ఏం మాట్లాడాలెనో తెల్వలే. ఆరువేల ఐదువందలియ్యి. తగ్గిచ్చింది నా నోటికి జుర్మానా." రసీదు మీద సహజమైన నీలం, వేడి చేసినది అని రాసి, బరువు వేసి, పడకపోతే డబ్బు వాపసు అని కూడా రాశాడు. రాయిని గుడ్డలో కట్టి, "మూడు రాత్రులు" అని గుర్తుచేశాడు.

మూడున్నర బస్సులో నిర్మల్ మీదుగా, అన్నాల వేళకు ఇల్లు చేరాను. ఉంగరం, గుడ్డ మూట బాపు ముందు పెట్టాను. ఎంత సాధన చేసినా ఒక్క మాటే వచ్చింది. "ఆదిలాబాద్ పోయిన బాపు." ఆయన మూట విప్పి, రాయిని వేలిమీద పెట్టుకుని చూసి, మళ్లీ కట్టేశాడు. "చాచా మంచిగున్నడా?" అని మాత్రం అడిగాడు. మంచిగున్నాడన్నాను. మూట తీసుకుపోయి నా దిండు కింద పెట్టాడు. "నీకు తెచ్చిన బాపు" అంటే, "పోయేది నువ్వు గదా" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున నేను లేచేసరికి బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఉన్నదా రాయి?"

దిండు ఎత్తి చూశాను. "ఉన్నది."

"ఉంటది. నా దగ్గర పిన్నీసు లేదు బిడ్డా."

ఆయన నవ్వుతున్నాడు. నేను నవ్వబోయి ఏడ్చాను. ఆ రోజు వైండింగ్ పనిముట్లలోని సన్నటి పట్టకారుతో బాపే రాయిని కూర్చోబెట్టి, కొక్కేలు నాలుగూ వంచాడు. గీతలను ముట్టలేదు. ఉంగరం నాకు వదులు. మోటరు తీగ చుట్టినట్టే వరస తప్పకుండా దానికి నల్లదారం చుట్టి, నా నడిమి వేలికి తొడిగాడు.

ఇది పుణెలో, అద్దె గది కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. నీలానికి శక్తులున్నాయో లేవో నాకు తెలియదు, చదివిన చదువు లేవనే అంటుంది. ఒక పిల్ల పిన్నీసుతో ఆపాలనుకున్న ప్రయాణాన్ని, అంతా తెలిసి కూడా తనే ఆపుకున్న మనిషి చుట్టిన దారం మాత్రం నా వేలికి ఉంది. మెరుపు తక్కువ రాయే. పొద్దున ఎండ పడితే ఒక పక్కన మాత్రమే నీలంగా కనబడుతుంది. పక్కనున్న గీతలు అంతకంటే బాగా కనబడతాయి.

నీలం కొనడానికి పోయేవాళ్లకు ఒక్క సలహా. పాత ఉంగరం ఉంటే వెంట తీసుకుపోండి, కానీ ముందుగా మెరుగు పెట్టించకండి, వంకరలు సాపు చేయించకండి. అందులో ఏ కొలత రాయి ఉండేదో, అది ఎలా పోయిందో చూసి చెప్పగలిగేవాళ్లు ఇంకా ఉన్నారు.