పచ్చపురుగు బొమ్మ

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో పటాన్‌చెరు దగ్గర ఒక పురుగుమందుల కంపెనీలో చేరాను. పత్తికాయలు తొలిచే పచ్చపురుగును పలుచని పొరలుగా కోసి తీసిన ఫొటోలను కంప్యూటర్‌లో పేర్చి, దాని లోపలి భాగాలకు కదిలే త్రీడీ బొమ్మ చేయడం నా పని. మందు నరాలకెక్కితే పురుగు ఎలా చస్తుందో రైతులకు చూపించడానికి ఆ బొమ్మ.

ఒక మధ్యాహ్నం మా ఊరు హత్నూర నుంచి అన్నను సంగారెడ్డికి తెచ్చిన వదిన ఆఫీసుకు ఫోన్ చేసింది. "మీ అన్న పత్తికి మందు కొట్టుకుంట చేన్లనే పడిపోయిండు. సంగారెడ్డి దవాఖానకు తెచ్చినం. జల్దీ రా!"

నేను వెళ్లేసరికి అన్న నోటి వెంట నురగ కారుతోంది. చెంపల్లో, తొడల్లో కండలు వాటంతట అవే అదురుతున్నాయి. మందు నరాలకెక్కిందని డాక్టరు చెప్పాడు.

వదిన నా భుజాలు పట్టి కుదిపింది. "నువ్వు గా మందుల కంపెనీలనే జేస్తవ్ గద! విరుగుడు ఏందో నీకు తెల్వదా? జెర చెప్పరాదే!"

పురుగు ఒంట్లో ఏ నరం ఎక్కడిదాకా పోతుందో కళ్లు మూసుకుని గీయగలను. విరుగుడు మాత్రం తెలియక మళ్లీ డాక్టరు దగ్గరికే పరుగెత్తాను. సాయంత్రానికి అన్న పోయాడు.

అన్న పిల్లలను నేనే సాకాలి కాబట్టి, దినాలయ్యాక మళ్లీ పనిలోకి వెళ్లాను. మా సారు బొమ్మ చూసి, "సచ్చేటప్పుడు కొట్టుకున్నట్టు లేదమ్మా. జెర నిజంగ కనపడాలె" అన్నాడు.

పురుగు కండలు వాటంతట అవే అదిరేలా మళ్లీ చేశాను. అచ్చం నిజంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. ఎక్కడ చూసి చేశావని ఎవరూ అడగలేదు. అన్న పోయిన ఆ రోజును మరిచిపోవాలని ఎంత చూసినా నా వల్ల కావడం లేదు.