మోచేతి గీత

మొన్న ఆదివారం మా తోడికోడలి కోడలు ఫోన్ చేసింది. ఆలూరు పిల్ల, పెళ్ళయి ఆరు నెలలైంది. మనిషి నా మాదిరే పొట్టి. "పెద్దత్తా, ఈ ఇంట్లో వంటగట్టు నాకు అందదు. పీట ఏసుకోని నిలబడి దోసెలు పోస్తాండా. భుజాలు శానా నొస్తాండాయి. మీరొచ్చి దాన్ని దించి కట్టిచ్చండి" అని ఒక్క ఊపిరిలో చెప్పి, ఆ తర్వాత గొంతు తగ్గించింది. "అత్తకు టైల్స్ మారుస్తాండామని మాత్రమే చెప్పినా. ఆమె ఇప్పుడు వంటింట్లోకి ఎక్కువ రాదు గదా. నా కొలతకే కట్టిచ్చండి." నేను సరేనన్నాను. అయితే 'నా కొలతకే' అని ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే పద్నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

నేను కర్నూల్లో వంటిళ్ళు, భోజనాల గదులు తిరగదిద్దే పని చేస్తాను. దీనికి నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. పొగలో కళ్ళు పోగొట్టుకుంటూ వంట చేసిన ఆడదానికి కిటికీ ఎక్కడ ఉండాలో ఎవరూ నేర్పించాల్సిన పని లేదు. అందరూ ముందుగా ఫోన్లో బొమ్మలు చూపిస్తారు. అన్నీ తెల్లటి వంటిళ్ళే, ఏ ఒక్కదాంట్లోనూ తిరగమోత పెట్టిన ఆనవాలు ఉండదు. నేను ఆ ఫోన్ పక్కన పెట్టించి, "ముందు ఒక పూట వంట చేసి చూపియ్యి తల్లీ" అంటాను. ఒక మూల స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఆమె చింతపండు కోసం ఏ చెయ్యి చాపుతుందో, పొయ్యి దగ్గర నుంచి నీళ్ళకు ఎన్ని అడుగులు వేస్తుందో, ఏ డబ్బా కోసం మునివేళ్ళ మీద లేస్తుందో చూసుకుంటాను. సంగటి తినే ఇల్లయితే పక్కనే మోకాలెత్తులో ఇంకొక చిన్న గట్టు తప్పకుండా కట్టిస్తాను, కుండ కిందికి ఉంటే తప్ప కట్టెతో కెలకడానికి బలం చిక్కదు. కల్లూరులో ఒకాయన ఈ మాట కొట్టిపారేసి గాజు పలక ఉన్న పొయ్యి తెచ్చిపెట్టుకున్నాడు. మొదటి వారమే ఆయన భార్య దాని మీద కుండ పెట్టి సంగటి కెలికింది, గాజు రెండుగా పగిలింది. వచ్చినవాళ్ళందరికీ పిల్లి దూకిందని చెప్పుకున్నారు పాపం. వాళ్ళింట్లో పిల్లి లేదు.

చివరికి ఆ ఇంట్లో వండే మనిషిని గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి మడవమని, మోచెయ్యి ఆనినచోట గీత గీస్తాను. పెన్సిల్ గీత చెరిగిపోతుందని ఎప్పుడూ మేకుతోనే గీస్తాను. ఆ గీతకు నాలుగు వేళ్ళ కిందికి గట్టు రావాలి. ఇద్దరు వండే ఇల్లయితే ఇద్దరికీ గీతలు గీసి, రెంటికీ మధ్యలో మూడో గీత గీస్తాను. పొడుగామె కొంచెం వంగుతుంది, పొట్టామె కొంచెం సాగుతుంది. ఇన్నేళ్ళలో నేను గమనించింది ఏమిటంటే, ఇద్దరు వండే ఇంట్లో ఒకరు 'మధ్య గీత వద్దు, నా కొలతకే కట్టండి' అన్నారంటే ఆ ఇల్లు వేరు పడబోతోందని అర్థం. ఏడాది తిరక్కుండానే రెండు పొయ్యిలు వెలుగుతాయి. ఇంట్లో మగవాళ్ళ కన్నా ముందు ఆ సంగతి నాకే తెలిసేది. పని ముగించుకుని షేర్ ఆటోలో ఇంటికి వస్తూ ఈ ముచ్చట్లన్నీ మా తోడికోడలికి చెప్పి నవ్వేదాన్ని.

ఆమె మా మరిది భార్య. నా తర్వాత ఎనిమిదేళ్ళకు ఆ ఇంటికి వచ్చింది. పొడగరి. నేను అందుకోలేని పై అరలు ఆమెవి, కింది అరలు నావి. అలా పదేళ్ళు ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం వండాం. నా పని పెరిగాక ఆమె కూడా నాతో వచ్చేది. నేను మాట కొంచెం కటువుగా అంటాను, ఆమె అదే మాటను నవ్వుతూ చెప్పి ఒప్పించేది. బండలు నావి, రంగులు ఆమెవి. గట్టుకు కడప బండే వేయాలని నేను, చింతపండు పులుసు పడితే దాని మీద మచ్చలు పడతాయి, గ్రానైట్ వేయాలని ఆమె, వాదించుకోని రోజు లేదు. నాకు సొంత చెల్లెలు లేదు. ఆ లోటు నాకు ఎప్పుడూ తెలియలేదంటే ఆమె వల్లే. ఈ మాట రాయడానికి ఇప్పుడు కష్టంగానే ఉంది, కానీ అది అబద్ధం కాదు.

అత్తామామలు పోయాక కర్నూలు పాత ఊళ్ళో మా ఇల్లు బాగు చేయించాలని అన్నదమ్ములిద్దరూ అనుకున్నారు. అందరి వంటిళ్ళూ దిద్దిన నేను అంతవరకూ మా అత్త కాలం నాటి మసి గోడల మధ్యే వండుతున్నాను. ఆ మూడు నెలలూ నాకు తిండీ నిద్రా గుర్తు లేవు. పడమటి ఎండ నేరుగా పొయ్యి మీద పడకుండా కిటికీని రెండు మూరలు పక్కకు జరిపించాను. భోజనాల గదిలో నేలకు బేతంచెర్ల బండలు నేనే దగ్గరుండి ఏరుకొచ్చాను, నడుస్తుంటే కాలికి చల్లగా తగలాలని. రెండు కుటుంబాలూ ఒకేసారి కూర్చుని తినడానికి ఎనిమిది కుర్చీల బల్ల గీసి వడ్రంగికి ఇచ్చాను. "ఎనిమిది ఎందుకక్కా, ఇరుకైతాది. నాలుగు చాలు" అంది మా తోడికోడలు. "లెక్క మర్చిపోతివా ఏంది, మనం ఎనిమిది మందిమి" అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆమె పట్టు పట్టి గ్రానైట్ అంటే, మనింటి పనే కదా అని మొదటిసారి కడప బండను వదులుకున్నాను కూడా. ఆ రోజు సాయంత్రం ఆమెను గోడ పక్కన నిలబెట్టి మోచేతి గీత గీశాను. మేకు చల్లగా తగిలిందని కితకితలు పెట్టినట్టు మెలికలు తిరిగిపోయింది. ఆ తర్వాత ఆమె నాకు గీసింది. నా గీత ఆమె గీతకు మూడంగుళాలు కిందికి వచ్చింది. సరిగ్గా మధ్యలో మూడో గీత గీసి, దాని పక్కన మేకుతోనే 'మన గట్టు' అని రాశాను. పదహారేళ్ళ కొడుకున్న దాన్ని, గోడ మీద అలా రాసుకున్నందుకు నాకే సిగ్గేసింది.

ఇంకా బండ పరచకముందే నేను ఎర్రగుంట్లకు వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ లారీలు తిప్పే ఒకాయన ఇంట్లో పని. సిమెంటు దుమ్ము కిటికీ సందుల్లోంచి కూడా దూరే ఆ ఊళ్ళో వాళ్ళకు మంచు మాదిరి తెల్లటి వంటిల్లు కావాలట. వాళ్ళను బూడిద రంగుకు ఒప్పించడానికే నాకు రెండు రోజులు పట్టింది. మా తోడికోడలు మాత్రం మేస్త్రీని చూసుకుంటానని ఇంట్లోనే ఉండిపోయింది. పది రోజులకు తిరిగి వచ్చి, బ్యాగు కూడా దించకుండా వంటింట్లోకి వెళ్ళాను. నల్లటి గ్రానైట్ నిగనిగలాడుతోంది. టైల్స్ అతికించేశారు. కిటికీ నేను అనుకున్నచోటే ఉంది. కళ్ళు నిండిపోయాయి. ముందుకు వెళ్ళి, కూరగాయలు తరిగే మనిషిలా గట్టు ముందు నిలబడ్డాను. బండ సరిగ్గా నా మోచేతి దగ్గరికి వచ్చింది.

మొదట మేస్త్రీ పొరపాటు పడ్డాడనే అనుకున్నాను. "ఏమప్పా, గట్టు ఇంత ఎత్తుకు వచ్చిందే? మధ్య గీత చూడలేదా?" అన్నాను. ఆయన తాపీ కడుక్కుంటూ, "చూసినానమ్మా. చిన్నమ్మే పై గీతకు కట్టమన్యాది. మీకు తెలుసు గదా అనుకుంటి" అన్నాడు. ఎవరూ ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఆ గుర్తు చూశానో. భోజనాల గదిలోకి వెళ్ళాను. కొత్త బల్ల వచ్చి ఉంది. చుట్టూ నాలుగు కుర్చీలు.

ఆమె పెరట్లో పొయ్యి పెట్టుకుని అన్నం వారుస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను అడగకముందే తల దించుకుంది. అన్నదమ్ములు మూడు నెలల కిందటే మాట్లాడుకున్నారట. ఈ ఇల్లు మా మరిదికి, కల్లూరులోని జాగా మాకు. "ఇల్లు పంచుకోండి, నాకేం. నాకు ఒక్క మాట చెప్పింటే అయిపోయుండు" అన్నాను. "చెప్పాలనే ఉన్నాక్కా. చెప్తే నువ్వు పని ఈడికే ఆపేస్తావనుకుంటి. నీ మాదిరి ఎవరు చేస్తారు ఈ వంటిల్లు?" అంది. అది పొగడ్త అని ఆమె అనుకుందేమో నాకు ఈనాటికీ తెలియదు. నేను ఉండబోని ఇంటికి నా చేత కిటికీ జరిపించింది, బండలు ఏరించింది, గోడకు ఆనించి నా మోచేతి గీత గీసింది. అన్నీ నా చేత చేయించుకుని, నేను ఊరు దాటాక నన్ను అందులోంచి ఒకటిన్నర అంగుళం ఎత్తుతో బయట పెట్టింది.

మా ఆయనకూ తెలుసు. ఆ మాట రెండో దెబ్బ. "పని మధ్యలో చెప్తే నీ మనసు ఇరిగిపోతాది, పని చెడుతాదని ఊరుకున్యాలే" అన్నాడు. ఆయన తమ్ముడి వంటిల్లు చెడకూడదని ఆయన ఆలోచించాడన్నమాట. తర్వాత నెల రోజులు నేను ఆయనకు సంగటి కెలకలేదు. రోజూ ఉప్మానే పెట్టాను. ఆయన నోరెత్తకుండా తిన్నాడు, అందుకే తప్పు ఒప్పుకున్నాడని లెక్క వేసుకున్నాను. మేం కల్లూరుకు మారాం. నా పని నేను ఒక్కదాన్నే చేసుకున్నాను. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఆ ఇంటికి వెళ్ళేదాన్ని, ముందు గదిలో కూర్చుని కాఫీ తాగి వచ్చేసేదాన్ని. వంటింటి గడప మాత్రం తొక్కలేదు. ఊళ్ళో అందరి ఇళ్ళూ గోడలు చూసి చదివేసే నేను నా ఇంట్లో నాలుగు కుర్చీల మాట విని కూడా నవ్వాను కదా, ఆ నవ్వు తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ చెంపలు వేడెక్కుతాయి.

బుధవారం నాడు వెళ్ళాను. తలుపు తీసింది తోడికోడలే. నడుము పట్టేసి మనిషి ముందుకు ఒరిగింది, ఒక చెయ్యి గోడ మీద ఆనించి నడుస్తోంది. "నువ్వొస్తావని ఈ పిల్ల చెప్పనే లేదక్కా" అంది. పద్నాలుగేళ్ళ తర్వాత ఆ వంటింట్లోకి అడుగు పెట్టాను. మేస్త్రీ గట్టు మీది మొదటి వరస టైల్స్ ఊడగొడుతున్నాడు. ఒక పలకతో పాటు సిమెంటు పెచ్చుగా లేచి వచ్చింది. దాని వెనక పాత గోడ మీద మేకు గీతలు. పైన ఆమె గీత, దాని కింద మధ్య గీత. నాది కనిపించలేదు, అది బండ అంచు కింద పడిపోయింది. తోడికోడలు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చి, 'మన గట్టు' అన్న రెండు మాటలను చాలాసేపు చదివింది.

దాచుకోవడం దేనికి, ఆ నిమిషంలో నాకు ఆశ పుట్టింది. ఆ ఆలూరు పిల్ల నా ముందు నిలబడి చెయ్యి మడిచి ఉంది. ఒక్క గీత గీసి, మేస్త్రీకి చూపించి వచ్చేస్తే చాలు. రేపటి నుంచి తోడికోడలు తన గట్టు ముందు తానే నిలబడలేదు. ఎందుకు ఇలా అయిందని ఆమె అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట కూడా సిద్ధంగా ఉంది, మీకు తెలుసు కదా అనుకున్నానని. మేకు గోడ మీద పెట్టాను. పిల్ల గీత సరిగ్గా బండ అంచు దగ్గరే పడింది, నాది పడ్డచోటే. చెయ్యి అక్కడే ఆగిపోయింది. "నువ్వు కూడా వచ్చి నిలబడు" అన్నాను తోడికోడలితో.

"నాకెందుకక్కా, మార్చేది టైల్సే గదా" అంది.

"గట్టు దించుతాండారు. నీకు తెలియకుండా నేను దించను" అన్నాను.

పిల్ల కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. తోడికోడలు ఆ పిల్లను చూసింది, తర్వాత నన్ను. ఆమె ముఖంలో అప్పుడు కనిపించింది నాకు బాగా తెలిసినదే, ఆ రోజు బండ ముందు నిలబడి నేను పడ్డదే. వచ్చి గోడ పక్కన నిలబడి చెయ్యి మడిచింది. ఈసారి మేకు తగిలినా మెలికలు తిరగలేదు. నేను గీత గీసి పక్కకు జరిగాను. అది తన పాత గీత మీద పడలేదు. ఒకటిన్నర అంగుళం కిందికి వచ్చి, 'మన గట్టు' అని రాసిన చోట పడింది. ఆమె అది చూసి, "అక్కా" అని మాత్రం అంది. మేకు ఆ పిల్ల చేతిలో పెట్టి, "మీ ఇద్దరి మధ్య గీత మీరే గీసుకోండి" అని చెప్పి, కాఫీ కూడా తాగకుండా వచ్చేశాను.

క్షమించానని చెప్పను, అది అబద్ధమవుతుంది. నా కోసం ఆమె వంగనన్న ఆ ఒకటిన్నర అంగుళాన్ని కాలం చప్పుడు లేకుండా తానే వంచింది. కానీ ఆ గట్టు దగ్గర మేమిద్దరం పక్కపక్కన నిలబడి వండాల్సిన పద్నాలుగేళ్ళను మాత్రం తిరిగి ఇవ్వలేదు.