ప్రభువు బల్లకు పాలిష్

కోట దగ్గర, సముద్రానికి ఆనుకుని ఉన్న మా ఊళ్లో చెక్కకు పాలిష్ పెట్టే ఆడదాన్ని నేనొక్కదాన్నే. మా నాన్న దగ్గర నేర్చుకున్న పని. ఆయన పోయాక ఆయన బ్రష్షులు ఎవరికీ ఇవ్వలేదు.

మా చర్చిలో వేప చెక్కతో కొత్త ప్రభువు బల్ల చేయించారు. ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పెట్టేది దాని మీదే. పాలిష్ పని నాకే ఇచ్చారు గానీ ఒక మెలిక పెట్టారు. బల్ల ఉండే అరుగు మీదికి ఆడవాళ్లు ఎక్కకూడదన్నది మా చర్చి ఆనవాయితీ. కనుక వరండాలోనే పని ముగించి నేను తప్పుకోవాలట. ఒళ్లు మండింది. అయినా పని వదులుకోలేదు.

సంఘపెద్దకు టౌన్లో చూసిన లక్క పాలిష్ మీద మోజు. "తళతళలాడాలమ్మా, మొహం కనపడాల" అన్నాడు.

"కనపడతాది పెద్దయ్యా, వానలు పడేదాకా. పాత బల్ల సంగతి మరిచిపోయినారా?"

పాత బల్ల మీద ఆ పాలిషే చెమ్మకు తెల్లగా పాలిపోయింది. అది కప్పడానికి ఏటా క్రిస్మస్‌కు ఎనామిల్ రంగు పూసి పూసి చెక్క రూపే లేకుండా చేశారు.

ఆయన వినలేదు. నేనూ తగ్గలేదు. క్రిస్మస్ పండక్కే కావాలంటే కుదరదు, వానలు పోయేదాకా ఆగాలన్నాను. అదే వేప ముక్కలు తెచ్చి ఒకదానికి లక్క పెట్టాను, ఒకదానికి మామూలు వార్నిష్. ఇంకోదానికి చెక్కకు రంగు పట్టించే స్టెయిన్ అద్ది, పైన చెమ్మను లోపలికి రానివ్వని పీయూ పూశాను. వానలన్నాళ్లూ సముద్రం వైపు గోడ మీద వదిలేశాను. లక్క తెల్లబడింది, వార్నిష్ పొరలుగా లేచింది. పీయూ ముక్కను ఆయన గోరుతో గీకి చూసి, "సరే, కానీ" అన్నాడు.

వేప స్టెయిన్‌ను అంతటా ఒకేలా పీల్చదు, మచ్చలు పడతాయి. అందుకే ముందు రంగు లేని పలచటి పూత వేసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, అప్పుడు గుడ్డతో రంగు అద్దాను. ముదురు రంగు జోలికి పోలేదు. పొడి ఎండ కాసిన రోజులే చూసి పీయూ పూశాను. బల్ల బ్రహ్మాండంగా వచ్చింది, నా పనే కదా అని మొహమాటపడను.

లోపలికి మోసే రోజు ముగ్గురే వచ్చారు, నాలుగో ఆయన చేపల వేటకు పోయాడు. ఖాళీగా ఉన్న మూల నేను పట్టుకున్నాను.

"నువ్వొద్దమ్మా, పైకి రాకూడదు" అన్నాడు సంఘపెద్ద.

"దీంట్లో నా చెయ్యి తగలని చోటు లేదు పెద్దయ్యా. నేను పోకూడదంటే, మరి బల్ల పోవచ్చునా?"

ముందు నేనే మెట్టెక్కాను. బల్ల దించాక కూడా దిగలేదు, కాసేపు అక్కడే నిలబడ్డాను.