సుబ్బరత్నమ్మ చెయ్యి పట్టుకుంటే

సుబ్బరత్నమ్మకు ఒకటే అలవాటు. ఎవరైనా ఆమె ముందు ఒక మాట అంటే చాలు, అన్నవాడి మణికట్టు పట్టుకుని, ఆ సంగతి ఎక్కడుందో అక్కడికి లాక్కుపోయి, వాడి కళ్ళతో వాడికే చూపించేది. మాట నిజమైతే "నిజమే నాయనా" అని అక్కడే వదిలేసేది. అబద్ధమైతే ఆ చెయ్యి మళ్ళీ ఎప్పుడు సొంతదారుడికి దక్కుతుందో ఎవరూ చెప్పలేకపోయేవారు.

"నడు నాయనా, చూసొద్దాం!"

ఈ కేక వినబడితే మద్దిగూడెంలో మగవాళ్ళంతా చేతులు వెనక్కి పెట్టుకునేవారు.

కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మిరప తోటలు వేసిన కుటుంబం సుబ్బరత్నమ్మది. భర్త చెంచురామయ్య ఈ అలవాటుకు పెళ్ళయిన కొత్తలోనే విరుగుడు కనిపెట్టాడు. దేన్నీ ఖాయంగా అనేవాడు కాదు. నిలువునా తడిసి, చెప్పుల్లో నీళ్ళు చప్పుడు చేస్తుండగా గుమ్మంలోకి వచ్చి కూడా, "బయట వాన పడుతున్నట్టుంది. నాకైతే సరిగా తెలియదు" అనేవాడు.

ఆ తెలివి లేనివాడు మక్సూద్. బస్సులు ఆగే చోట సైకిల్ షాపు అతనిది. నోరు ఊరుకోదు. ఒక మే నెల మధ్యాహ్నం, "ఊరంతట్ల నా షాపు కాడ కొట్టినంత ఎండ యాడ కొట్టదమ్మా" అన్నాడు. అంతే. సుబ్బరత్నమ్మ అతన్ని ఊరంతా తిప్పింది. ప్రతి వీధి మొగలోనూ నిలబెట్టి, "ఇక్కడెలా ఉంది నాయనా? ఎక్కువా, తక్కువా?" అని అడిగింది. మక్సూద్ తిరిగొచ్చేసరికి మొహం కాల్చిన వంకాయలా ఉంది. షాపులో విప్పి తలకిందులుగా పెట్టిన సైకిల్ అలాగే ఉంది. దాని యజమాని, వాగవతలి తండా రూప్‌సింగ్, బల్ల మీద పడుకుని నిద్రపోతున్నాడు.

"ఏమాయె మక్సూదన్నా?"

"ఏమైతది? నా షాపు కాడనే తక్కువ కొడుతుందట!"

ఊరివాళ్ళతో ఆగితే అది వింత మనిషి కథ అయ్యేది, అంతే. సుబ్బరత్నమ్మకు మనిషీ మనిషీ ఒకటే. బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు, "బడికి పైకప్పు బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు. అప్పుడే వాన మొదలైంది. ఆమె అతన్ని గొడుగు కింద బడిదాకా నడిపించి, మూడో తరగతి గదిలో సరిగ్గా ఒక చోట నిలబెట్టి, గొడుగు ముడిచేసింది.

"అమ్మా, గొడుగు! గొడుగు!"

"గొడుగెందుకు నాయనా, కప్పుందిగా!"

ఆ వానాకాలం ముగియకముందే పెంకులు వచ్చాయి.

దవాఖానాకు కొత్తగా వచ్చిన డాక్టరు, "మందులన్నీ ఉన్నాయి, బీరువా నిండా ఉన్నాయి" అన్నాడు. చెయ్యి పట్టుకుని బీరువా తలుపు తెరిపించింది. కింది అరలో ఒక కోడి గుడ్లు పొదుగుతూ కూర్చుని, ఇద్దరి వంకా చిరాగ్గా చూసింది.

"ఇది ఏ జబ్బుకి నాయనా, పూటకెన్నేసుకోవాలి?"

డాక్టరు మర్నాడే జిల్లా ఆఫీసుకు తానే వెళ్ళి మందుల పెట్టెలు బస్సు మీద వేసుకొచ్చాడు. తర్వాత ఎక్కడ సుబ్బరత్నమ్మ కనబడినా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునేవాడు.

మక్సూద్‌కు ఒక్కటే అర్థమయ్యేది కాదు. "ఒక అర్జీ రాసి పారేయరాదా అమ్మా? ఇంట్ల కూసుంటే పనైపోతది. నా చెయ్యి నాకుంటది."

"నాకు రాయడం రాదుగా మక్సూదూ" అనేది.

రోజూ పొద్దున్నే అతని షాపు ముందు కూర్చుని, పేపరు మొదటి అక్షరం నుంచి సినిమా ప్రకటన దాకా పైకి చదివే మనిషి ఆ మాట అనేసరికి మక్సూద్ నోరు తెరిచేవాడు. అబద్ధం అందామంటే, ఎక్కడికి లాక్కుపోతుందో అని భయపడి మూసుకునేవాడు.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. ఆ ఏడు వానలు ముదిరాక, మద్దిగూడెంలో బస్ షెల్టర్ ప్రారంభం పెట్టారు. షామియానా వేశారు, డప్పులవాళ్ళను పిలిచారు. డిపో మేనేజరు వెంకటరామారావు వచ్చాడు. మెడలో బంతిపూల దండ, పక్క కుర్చీలో చేతులు జేబుల్లో పెట్టుకుని డాక్టరు. సరిగ్గా అప్పుడే రూప్‌సింగ్ సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, తండల వాంతులు, ఇరేచనాలు! మా ద్వాలి లేస్త లేదు. ఇంకా శానమంది పడిపోయిండ్రు. నర్సమ్మ వచ్చింది గని ఆమె కాడి పొట్లాలు ఒడిసిపోయినయ్. బస్సేమో వాగు కాడికెల్లి ఎనకకే తిరుగుతాంది!"

ద్వాలి అతని భార్య. సుబ్బరత్నమ్మ మొహంలో నవ్వు పోయింది. ఆ క్షణంలోనే మైకులో మేనేజరు గొంతు ఉరిమింది: "బాల్యా తండా ప్రజల కష్టాలు తీరినయ్! రోజూ ఉదయం, సాయంత్రం మన బస్సు తండా నడిబొడ్డు దాకా పోతున్నది!"

"అయిపోయిండు" అన్నాడు మక్సూద్, తనలో తాను.

సుబ్బరత్నమ్మ వేదిక ఎక్కింది. మేనేజరు ఆశీర్వదించడానికి వచ్చిందనుకుని వంగాడు. మణికట్టు దొరికిపోయింది.

"నడు నాయనా, చూసొద్దాం!"

"ఏందమ్మా ఇది! మీటింగ్ నడుస్తాంది!"

"మీటింగు దానంతటది నడుస్తుంది. మనం బస్సెక్కుదాం. డాక్టరుగారూ, మీరూ రండి నాయనా. నాకు చేతులు రెండున్నాయి." జేబులోంచి చెయ్యి ఎలా బయటికొచ్చిందో డాక్టరుకే తెలియలేదు. "మక్సూదూ! మందుల పెట్టె జల్దీ పట్రా! కోడి ఉంటే దించేసి రా!"

మధ్యాహ్నం బస్సు అప్పుడే వచ్చి ఆగింది. డ్రైవరు సలీం తలుపులోంచి తొంగి చూశాడు. ఎదురుగా దండతో మేనేజరు, వెనక డాక్టరు, మధ్యలో సుబ్బరత్నమ్మ, వెనక షామియానా కింద ఉన్న జనమంతా. డప్పులవాళ్ళు కూడా ఎక్కేశారు. ఎందుకు ఎక్కామో తెలియక వాయించడం మొదలుపెట్టారు.

"సార్... మీరు? ఈ బస్ల?" అన్నాడు సలీం.

"తండాకు పోనీ!" అన్నాడు మేనేజరు పంతంగా.

"తండాకా సార్?"

"రోజూ పోతలేవా?"

సలీం గేరు వేశాడు. బస్సు కదిలింది. గోతుల్లో పడి లేచినప్పుడల్లా మేనేజరు దండలోంచి బంతిపూలు రాలి ఒళ్ళో పడుతున్నాయి. టేకు చెట్ల మధ్య నుంచి పోయి పోయి, వాగు కల్వర్టు ముందు బస్సు ఠక్కున ఆగింది.

"ఇక్కడికెల్లి నడవాలె సార్" అన్నాడు సలీం, స్టీరింగ్ వైపే చూస్తూ.

కోప్పడే వ్యవధి లేదు. సుబ్బరత్నమ్మ అప్పటికే దిగి, ఇద్దరినీ కల్వర్టు దాటించి, మోకాటి లోతు బురదలోకి దించేసింది. మేనేజరు చెప్పు ఒకటి బురద మింగేసింది. మక్సూద్ మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగెత్తాడు.

తండాలో నర్సు నిర్మలాదేవి గుడిసె గుడిసెకూ తిరుగుతోంది. చీర మోకాళ్ళ దాకా బురద. బిందెల్లో నీళ్ళు కాయించి, ఉప్పూ చక్కెరా కలిపి తాగిస్తోంది. డాక్టరును చూడగానే నీరసంగా నవ్వింది. "వచ్చిన్రా సార్!"

డాక్టరు ద్వాలి నాడి చూశాడు. అంతవరకూ లాక్కొచ్చిన మనిషిలా ఉన్నవాడు ఒక్కసారిగా డాక్టరయిపోయాడు. "సెలైన్ ఎక్కించాలి. ఈమెను, ఆ ముసలాయన్ని, ఆ పాపను వెంటనే దవాఖానాకు తీసుకుపోవాలి. మంచాలు పట్టండి!"

ఒక మంచానికి మూడు కోళ్ళు పట్టేవాళ్ళు దొరికారు. నాలుగో కోడు దగ్గర ఎవరూ లేరు. సుబ్బరత్నమ్మ ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మేనేజరు దండ తీసి పందిరిగుంజకు తగిలించి, రెండో చెప్పు కూడా వదిలేసి, భుజం పెట్టాడు.

కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఊపిరి బుస కొడుతోంది. ద్వాలి మంచాన్ని బస్సులోకి ఎక్కించి వెనక్కి తిరిగాడు. సలీం కనబడ్డాడు. అప్పటిదాకా పట్టిన బరువంతా కోపమైంది.

"నీ వల్లనేరా ఇదంతా! బస్సు తండల్నే ఉంటే వీళ్ళు ఎప్పుడో దవాఖానల ఉండేటోళ్ళు! నిన్ను ఇప్పుడే సస్పెండ్ చేస్తాన!"

"సస్పెండేంది, తన్నుండ్రి!" అన్నారు జనంలోంచి ఎవరో. రూప్‌సింగ్ పిడికిలి బిగించి ముందుకు వచ్చాడు. సలీం బస్సుకు ఆనుకుపోయాడు.

సుబ్బరత్నమ్మ మేనేజరు మణికట్టు పట్టుకుంది.

"మళ్ళ ఏందమ్మా!"

"సలీం తప్పన్నావుగా నాయనా. నడు, చూసొద్దాం."

కల్వర్టు చివర, బస్సు చక్రం పోయే చోట, శ్లాబు మీద ఆయన్ని నిలబెట్టింది. "ఇక్కడ ఒక గంతెయ్యి."

"గంతేంది?"

"చిన్నది చాలు."

మేనేజరు గంతేశాడు. శ్లాబు మూలిగి, వాగు వైపు ఒరిగింది. కింద ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. ఆయన కెవ్వుమని, ఈసారి తనే సుబ్బరత్నమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"పోయిన వానలకే పగిలింది సార్" అన్నాడు సలీం మెల్లగా. "డిపోల చెప్పిన. మళ్ళ చెప్పిన. నడిస్తే నడుపు, లేకుంటే తిప్పుకరా అన్నరు. బస్సు నిండ జనం ఉంటరు సార్. నాకు పాణం ఒప్పలే."

రూప్‌సింగ్ పిడికిలి విప్పి, సలీం భుజం మీద వేశాడు. మేనేజరు శ్లాబు వైపు చూశాడు, బస్సు వైపు చూశాడు, బురద కాళ్ళ వైపు చూసుకున్నాడు. "సలీం, జాగ్రత్తగా తిప్పు. దవాఖానకు పోవాలె" అని, కండక్టరు సీట్లో కూలబడ్డాడు.

దారిలో మక్సూద్ సుబ్బరత్నమ్మ పక్కన కూర్చున్నాడు. "అమ్మా, శ్లాబు సంగతి నీకు ముందే ఎరుకనా?"

"రూప్‌సింగ్‌లాగా సైకిల్ మీద పోయే వాళ్ళు అటు చూడరు. నేను మొన్న చూశాను."

"మరి డిపోకు రాస్తే అయిపోయేది గద!"

"కాగితం పైకి పోయేటప్పుడు తేలిగ్గా పోతుంది మక్సూదూ. కిందికొచ్చేటప్పుడు బరువెక్కుతుంది. ఎవడి నెత్తిన పడుతుంది? బస్సు రాలేదని రాస్తే సలీం నెత్తిన. మందుల్లేవని రాస్తే నిర్మల నెత్తిన. శ్లాబు శ్లాబులాగే ఉంటుంది. పెద్దాయన్ని తెచ్చి దాని మీద నిలబెడితే, ఇంక వేరేవాళ్ళ మీదికి తోయలేడు."

మక్సూద్‌కు గుర్తొచ్చింది. కోడి గొడవలో, మందుల బీరువా చూసే కాంపౌండరు ఉద్యోగం పోలేదు. బడికప్పు గొడవలో పంతులుకు మాట పడలేదు. తన చెయ్యి ఎన్నిసార్లు నొప్పి పుట్టినా, ఊళ్ళో చిన్న ఉద్యోగి ఒక్కడి కడుపూ మాడలేదు.

"మరి రాయ రాదని గిన్నేండ్లు నాకు అబద్ధం చెప్తివి?"

"వచ్చంటే రాసిపెట్టమని ఊరంతా నా ఇంటి ముందు కూర్చోరూ?"

ద్వాలి కోలుకుంది, మిగతావాళ్ళూ కోలుకున్నారు. శ్లాబు సంగతి కోసం మేనేజరు ఇంజనీరు ఆఫీసు చుట్టూ తానే తిరిగాడు. తిరిగిన ప్రతిసారీ, "నేను దాని మీద గంతేసినానయ్యా!" అని అరిచేవాడట. చలి మొదలయ్యేసరికి కొత్త కల్వర్టు తయారైంది.

మొదటిసారి బస్సు వాగు దాటి తండాలోకి పోయిన రోజు, నర్సు దిగింది, ఇన్నాళ్ళూ నాగాలు పెట్టిన తండా బడి పంతులు కూడా దిగాడు. ఆడవాళ్ళు బస్సుకు కుంకుమ పెట్టారు. సలీంకు ఇచ్చిన సీతాఫలాలు పెట్టడానికి చోటు చాలక, కండక్టరు సీటు కింద కూడా పోశారు. పొద్దుటి నుంచి అందరితో అరిచి, నవ్వి, అలసిపోయిన సుబ్బరత్నమ్మ తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో కూర్చుని, నోరు తెరిచి, హాయిగా నిద్రపోయింది.

సలీం అద్దంలో చూశాడు. గేరు తగ్గించాడు. గోతుల పక్కనుంచి, రాళ్ళ పక్కనుంచి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు బస్సును మెల్లగా నడిపాడు. వెనక సైకిల్ మీద వస్తున్న రూప్‌సింగ్ బెల్లు కొడుతూ దాటిపోయాడు. తర్వాత ఒక ఎడ్లబండి కూడా దాటిపోయింది.

ఆ రోజు బస్సు మద్దిగూడెం ఎప్పటికో చేరింది. లేటెందుకైందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.